అమెరికాలో లేని బర్రె

నా చిన్నప్పుడు నాచారంలోని మా బడిలో, అందరూ కూర్చుని వింటుండగా, నేను ఒక కథ చెప్పి అది ఎవరిదో చెప్పకుండా స్టేజీ దిగాను. "ఇది మా పెద్దబాపు కథ" అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆ మాట వినడానికే ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ సంగతి నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆగినా బాగుండేది. ఆయన కథను వేరే దేశం కథగా ఎందరికో చెప్పుకుంటూ వచ్చాను. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు మేం చిల్కానగర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు మావి, గోడ అవతల రెండు గదులు పెద్దబాపు వాళ్లవి, అందరికీ కలిపి వాకిట్లో ఒకటే నల్లా. మా నాన్న డ్యూటీలు ఎప్పుడూ తలకిందులుగా ఉండేవి కాబట్టి నా బడి వ్యవహారాలన్నీ పెద్దబాపే చూసేవాడు. ఆయన నాచారంలో దారం మిల్లులో పనిచేసేవాడు. ఆ మిషన్ల మోత చెవుల్లో అలాగే ఉండిపోయేదేమో, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. చదువు రాదు. నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేయాల్సిన చోట ఆయన వేలిముద్ర ఉండేది. అది చూసి మా క్లాస్ టీచరైన సోషల్ సార్ ఎన్నడూ ఏమీ అనలేదు. స్టాంపు ప్యాడు ఆయన ముందుకు జరిపి, పని అయ్యాక వేలు తుడుచుకోమని తన చాక్‌పీసు గుడ్డ ఇచ్చేవారు.

మా సోషల్ సార్‌కు పాఠ్యపుస్తకం సరిపోయేది కాదు. అందులో అమెరికా గురించి నాలుగు పేజీలుంటే ఆయన నెల రోజులు చెప్పేవారు. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చి సముద్రపు ఒడ్డున ఊళ్లు కట్టుకున్నవాళ్లు, మొదటి చలికాలాల్లో తిండి లేక చచ్చినవాళ్లు, వాళ్ల పొగాకు తోటలు, ఆ తర్వాత పత్తి చేలు. ఆ చేలల్లో పనికి ఆఫ్రికా నుంచి మనుషులను గొలుసులు వేసి తెచ్చారని, తల్లిని ఒకడికి, బిడ్డను ఇంకొకడికి అమ్మేవారని, బానిసకు చదువు నేర్పితే నేరమని చాలా చోట్ల చట్టాలు చేశారని చెప్పారు. చివరికి ఉత్తరం వాళ్లు, దక్షిణం వాళ్లు నాలుగేళ్లు కొట్టుకుంటేగాని అది ఆగలేదన్నారు. మాకు ఉప్పల్ రింగురోడ్డు అవతల ఏముందో తెలియని వయసు. అయినా ఆయన బోర్డు మీద ఒక నది గీసి, ఇటు ఉంటే బానిస, అటు దాటితే మనిషి అన్నప్పుడు క్లాసంతా ఆ చాక్‌పీసు గీత వైపే చూస్తూ కూర్చుంది.

ఒక రోజు ఆయన గంట సంగతి చెప్పారు. పారిపోయి దొరికిన బానిసల్లో కొందరికి మెడకు ఇనుప పట్టీ బిగించి దానికి గంటలు కట్టేవారట. అడుగు వేస్తే మోగుతుంది. ఇక ఎక్కడికీ పోలేడు.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని అది మా అమ్మకు చెప్తున్నాను. పెద్దబాపు పక్కనే జొన్నరొట్టె తింటున్నాడు. గంట మాట వినగానే తినడం ఆపేశాడు.

"మనిషికి గంట గట్టిన్రా?" అన్నాడు.

"అవ్, పెద్దబాపూ. సార్ చెప్పిండు. అమెరికాల."

కంచంలోనే చెయ్యి కడుక్కుని, నన్ను తన గది ముందుకు పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడు చెప్పిన కథ అంతకుముందు ఆయన ఎవరికీ చెప్పలేదట.

మా ఊరు జనగామ వైపు. ఒక కరువు ఏడాది మా తాత దొర ఇంటి నుంచి జొన్నలు తెచ్చాడు. దానికి బదులుగా పెద్ద కొడుకును జీతం పెట్టాడు. ఆ జీతం నెల నెలా చేతికి వచ్చే జీతం కాదు. పిల్లవాడు దొర ఇంట్లోనే ఉండి గొడ్లు కాయాలి, అక్కడే ఇంత జొన్నగటక తాగాలి, ఎప్పుడు వదిలితే అప్పుడే ఇంటికి పోవాలి. వదలడం అంటూ ఉండేది కాదు. పెద్దబాపు మేపే మందలో ముందు నడిచే బర్రె ఒకటి ఉండేది. దాని మెడలో గంట. దొర తన ఇంటి అరుగు మీద మంచం వేసుకుని ఆ గంట వింటూ పడుకునేవాడు. గంట మోగుతోందంటే మంద అక్కడే ఉంది, పిల్లగాడూ అక్కడే ఉన్నాడని లెక్క. ఆగిందంటే ఒక కేక వచ్చేది. ఆ కేకకు పలకకపోతే చింతబరికెతో దెబ్బలు.

"గంట బర్రె మెడల ఉండె గని, గట్టింది నాకే బిడ్డా," అన్నాడు పెద్దబాపు.

తప్పించుకునే ఉపాయం ఆయనకు జోరీగల వల్ల దొరికింది. చెరువు వెనక బురద దగ్గర ఒక తుమ్మచెట్టు ఉండేది. అక్కడ జోరీగలు విపరీతం. ఆ చెట్టు కింద నిలబడితే బర్రె తల ఆడించకుండా ఒక్క క్షణం ఉండలేదని ఆయన చాలా రోజులు కనిపెట్టి చూశాడు. ఒక మిట్టమధ్యాహ్నం, పొడుగు పలుపుతాడుతో బర్రెను ఆ చెట్టుకు కట్టాడు. ముందు ఇంత పచ్చగడ్డి వేశాడు. ఈగలు ముసిరాయి, బర్రె తల విదిలించింది, గంట మోగడం మొదలుపెట్టింది. ఆయన వెనక్కి చూడకుండా రోడ్డు దాకా నడిచి, ఆముదాల బస్తాలు వేసుకుపోతున్న లారీ ఎక్కాడు. ఊరు దాటే దాకా గంట వినిపిస్తూనే ఉందని చెప్పాడు. లారీ ఉప్పల్‌లో ఆగింది. అప్పట్లో ఇక్కడ ద్రాక్షతోటలుండేవి. మొదట తోటలో నీళ్లు కట్టాడు, పెద్దయ్యాక మిల్లులో చేరాడు, తర్వాత తమ్ముడిని తెచ్చుకున్నాడు. మేం ఈ పట్నంలో ఉండటం ఆ మధ్యాహ్నం వల్లే.

"గా బర్రెకే అన్యాలం జేసిన," అన్నాడు చివరికి. "ఈగలల్ల ఇడిసిపెట్టొచ్చిన. అదేం పాపం జేసింది నాకు?"

కొన్నాళ్లకు బడిలో ఉపన్యాస పోటీ పెట్టారు. అమెరికా చరిత్రలో మనసుకు తాకిన ఒక ఘట్టం చెప్పాలి. సార్ ఒకటే షరతు పెట్టారు. కల్పించి చెప్పకూడదు, ఎక్కడ తెలుసుకున్నారో అడిగితే చెప్పాలి, లేకపోతే పోటీ నుంచి తీసేస్తారు. నేను ఒక ప్లాను వేసుకున్నాను. ముందు అమెరికాలో మెడ గంటల గురించి చెప్పి, ఆ తర్వాత మన దగ్గర కూడా ఒక గంట ఉండేదని పెద్దబాపు కథ చెప్పాలి. ఆయనను అడిగాను.

మొదట సిగ్గుపడ్డాడు. "నా ముచ్చట ఎవలింటరురా" అన్నాడు. తర్వాత గడ్డం రుద్దుకుంటూ, "జెప్పు. గని మా పెద్దబాపుది అని జెప్పాలె. ఊకె ఎవడో అనకు," అన్నాడు. ఇంకా కొంచెం ఆగి, "నేనొస్త," అన్నాడు.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టంగా ఉంది.

మా బడి వెనక ఖాళీ జాగాలో క్రికెట్ ఆడేవాళ్లం. బాల్ మురికి కాలువలో పడితే ఎవడో ఒకడు దిగి తేవాలి. వాడిని అందరూ "ఒరే జీతగా, బాల్ దేరా" అని పిలిచేవారు. అది అంత పెద్ద తిట్టని ఎవరూ అనుకునేవారు కాదు. నేను కూడా పిలిచాను. పోటీకి ముందు రోజు బాల్ తెచ్చే వంతు నాది. మోకాళ్ల దాకా నల్లబురదతో పైకి వస్తుంటే ఆ పిలుపు విన్నాను. మా పెద్దబాపు జీతగాడని రేపు బడి మొత్తం ముందు చెప్తే, ఎల్లుండి నుంచి నా పేరే అది అవుతుందని ఒక్కసారిగా అర్థమైంది.

కథ వదులుకోవడానికి మనసొప్పలేదు. అలాంటి కథ ఎవరి దగ్గరా లేదని, దానికి ప్రైజు వస్తుందని నాకు తెలుసు. అందుకని దాన్ని ఎత్తుకెళ్లి అమెరికాలో పెట్టాను. దొరను పత్తి చేను యజమాని చేశాను, పెద్దబాపును బానిస పిల్లవాడిని చేశాను, చెరువును నది చేశాను. మిగతాదంతా అలాగే ఉంచాను.

పోటీ రోజు పెద్దబాపు పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నున్నగా గీయించుకున్న గడ్డం. వెనక బెంచీలో అంచున, ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. ఓడలు, పత్తి, గొలుసులు అయ్యాక గంట దగ్గరికి వచ్చాను. ఆయన కొంచెం ముందుకు వంగడం కనిపించింది. "అమెరికాలో ఒక బానిస పిల్లవాడు ఉండేవాడు" అన్నాను. ఆయన మెల్లగా వెనక్కి ఆనుకున్నాడు. నేను ఇంక అటు చూడలేదు.

చప్పట్లు బాగానే కొట్టారు. జడ్జిగా వేరే బడి నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. ఆవిడ మెచ్చుకుంటున్నట్టే నవ్వుతూ అడిగారు.

"చాలా బాగుంది బాబూ. కానీ ఒక అనుమానం. అమెరికాలో ఆ రోజుల్లో బర్రెలను ఎవరు మేపారు? అక్కడ బర్రెల్లాంటివి ఉంటాయి గానీ అవి అడవివి. వాటికి ఎవరూ గంట కట్టరు. ఇది ఏ పుస్తకంలో చదివావు?"

మాకు ఇంటి ముందు నడిచేది బర్రె, పాలిచ్చేది బర్రె. లోకంలో బర్రె లేని దేశం ఉంటుందని నాకు తోచనే లేదు. ముందు వరుసలో ఎవడో "బర్రె ఓడల పోయిందేమో టీచర్" అన్నాడు. హాలంతా నవ్వు. నా చెవులు కాలిపోయాయి. సోషల్ సార్ లేచి నిలబడ్డారు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. నేను కల్పించానని తేలితే తీసేయాల్సింది ఆయనే.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. "అది మా పెద్దబాపు కథ" అంటే చాలు, నవ్వు ఆగిపోయేది. నేను "పుస్తకం..." అని మాత్రం అన్నాను.

అప్పుడు వెనక నుంచి మిల్లు గొంతు వినిపించింది.

"నేనే తెచ్చిచ్చిన సార్ గా పుస్తకం. మా ఫ్యాక్టరీల దోస్తుది. మళ్ల ఇచ్చేసిన. తెలుగుల రాసినాయన ఆవును బర్రెని రాసిండేమో. పోరనికేం తెల్సు, ఉన్నది జెప్పిండు."

అందరూ వెనక్కి తిరిగారు. పెద్దబాపు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. టీచరమ్మ నవ్వి, "అలా అయ్యుంటుంది, అనువాదాల్లో అలాంటి పొరపాట్లు జరుగుతాయి," అన్నారు. ఆవిడకు ఆ వివరణ నచ్చింది కూడా. సోషల్ సార్ మాత్రం పెద్దబాపు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయనకు చదువు రాదని ఆ హాల్లో తెలిసిన పెద్దమనిషి సారొక్కరే. కాసేపటికి, "మంచిదండి. కూర్చోండి," అన్నారు. నాకు రెండో ప్రైజు ఇచ్చారు. ఒక స్టీలు గిన్నె.

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే పెద్దబాపు దారిలో ఒక బండి దగ్గర ఆగి మిర్చిబజ్జీలు ఇప్పించాడు. ఇద్దరం నిలబడి తిన్నాం. నేను ఏడుపు మొదలుపెట్టబోతే ఆయనే ముందు మాట్లాడాడు.

"అమెరికల బర్రెలు లేవంట గదరా. ముందుగాల తెలుసుకోవద్దా?"

అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగితే, బజ్జీ కాగితాన్ని ఉండ చుడుతూ, "అందరు నీ దిక్కు జూసి నవ్వుతున్రు. నాకు గది మంచిగనిపియ్యలే," అన్నాడు. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ గిన్నె మాత్రం తన ఇంట్లోనే పెట్టుకుని దాంట్లోనే మజ్జిగ తాగేవాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది అప్పటికప్పుడు అర్థం కాలేదు. బడి మొత్తం ముందు నవ్వులపాలు కాకుండా నన్ను కాపాడటానికి ఆయన ఏం ఇచ్చాడో తర్వాత్తర్వాత తెలిసింది. జీవితంలో ఒక్కసారి చెప్పుకోవాలనుకున్న కథను తన చేతులతోనే తనది కాదన్నాడు. తెల్లచొక్కా వేసుకుని వచ్చింది అందుకు కాదు. నాకు ఆయన మీద ఉన్న కృతజ్ఞత ఎంతో చెప్పలేను. నేను చదువుకున్నది, సోషల్ టీచరునై ఉప్పల్‌లో ఒక బడిలో పాఠాలు చెప్తున్నది ఆ ఇద్దరి వల్లే. ఒకరు చాక్‌పీసుతో నది గీశారు, ఒకరు నిజంగానే దాటి వచ్చారు.

ఇంత తెలిసీ నేను చేసిందేమిటి? అమెరికా పాఠం వచ్చిన ప్రతి ఏడూ ఆ కథే చెప్పాను. బర్రె తీసేసి ఆవును పెట్టాను. తుమ్మచెట్టు తీసేసి ఉత్త చెట్టు అన్నాను. "ఒక పుస్తకంలో చదివాను" అన్నాను. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. చెప్పగా చెప్పగా అది నాకే పుస్తకంలో చదివినట్టు అనిపించసాగింది.

ఈ మధ్య మా అమ్మాయి తన బడి ప్రాజెక్టు కోసం బానిసత్వం గురించి రాస్తోంది. రెండు రోజులు ఫోనులో వెతికి నా దగ్గరికి వచ్చింది. "నాన్నా, మెడకు గంటలు కట్టింది నిజమే, బొమ్మలు కూడా ఉన్నయ్. నువ్వు చెప్పే ఆవు కథ మాత్రం యాడ లేదు. ఏ బుక్కు అది?" అంది. టీచరమ్మ అడిగిన ప్రశ్నే. ఈసారి వెనక బెంచీ నుంచి లేచి నన్ను కాపాడేవాళ్లు ఎవరూ లేరు. ఉండాలని కూడా అనిపించలేదు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మా అమ్మాయి విని, "తాత ఇంకా ఉన్నడు గద. పోదాం పా," అంది.

ఆదివారం పొద్దున చిల్కానగర్ వెళ్లాం. పాత గదులున్న చోట ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు. పెద్దబాపు కింది పోర్షన్‌లో చిన్నక్క, అంటే తన చిన్న కూతురి దగ్గర ఉంటాడు. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిల్లు మోత చివరికి ఆయన చెవులను దాదాపు తినేసింది. నేను కింద కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, నెమ్మదిగా మొదలుపెట్టాను.

"ఆఁ?" అన్నాడు.

మళ్లీ చెప్పాను.

"జర గట్టిగ జెప్పురా. గుసగుసలేంది?"

గొంతు పెంచాను. వినిపించలేదు. ఇంకా పెంచాను. ఎదురింటివాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. పై అంతస్తు నుంచి ఎవరో తొంగి చూశారు. బియ్యం ఏరుతున్న చిన్నక్క చేట పట్టుకునే బయటికి వచ్చింది. అప్పుడే ఆపేద్దామనిపించింది. మళ్లీ అదే సిగ్గు, ఇన్నేళ్లయినా అక్కడే ఉంది. మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను లేచి నిలబడి, బజారంతా వినేటట్టు చెప్పాను.

"పెద్దబాపూ, ఆ గంట కథ నీదే. దొర దగ్గర జీతమున్నది నువ్వే. బర్రెను తుమ్మచెట్టుకు గట్టింది నువ్వే. అందరి ముందల మా పెద్దబాపుది అని జెప్పమన్నవ్, నేను జెప్పలే. సిగ్గుపడ్డ. ఇన్నేండ్లు అమెరికా కథని జెప్పుకున్న. తప్పు జేసిన, నన్ను మాఫ్ జెయ్యి."

"నాయినా, నువ్వు జీతమున్నవా? మాకెన్నడు జెప్పకపోతివి," అని ఆయన చెవి దగ్గర గట్టిగా అడిగింది చిన్నక్క. "మీరెన్నడు అడగకపోతిరి," అన్నాడు ఆయన. తర్వాత ఎదురింటాయన వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, "ఇన్నవా? మా పోరడు సోషల్ సార్," అన్నాడు. నేను ఆయన పాదాల మీద చేతులు పెట్టాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

"నువ్వన్నా వచ్చి జెప్పుకున్నవ్ బిడ్డా," అన్నాడు. "నేను ఆ బర్రెకు జెప్పుకోలే."

ఆ తర్వాతి రోజు క్లాసులో అమెరికా పాఠం లేదు. అయినా చాక్‌పీసు పక్కన పెట్టి, పిల్లలకు ముందు క్షమాపణ చెప్పాను. తర్వాత కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి చెట్టు తుమ్మచెట్టే, ఊరు జనగామ వైపే, తల విదిలిస్తున్నది బర్రే. "ఇది మా పెద్దబాపు కథ" అని మొదలుపెట్టాను.